పేజీలు పెరిగాయి, నిమిషాలు తగ్గాయి: ‘అజ్కబాన్’ అనుసరణపై ఒక స్క్రీన్‌ప్లే రచయిత కేస్ స్టడీ

హ్యారీ పోటర్ నవలల్లో మొదటిది బ్రిటిష్ ముద్రణలో 223 పేజీలు. దాని సినిమా 152 నిమిషాలు. రెండోది 251 పేజీలు, సినిమా 161 నిమిషాలు. ఇక్కడిదాకా లెక్క సజావుగానే ఉంది. పుస్తకం లావెక్కింది, సినిమా పొడుగైంది. 1999 జులైలో వచ్చిన మూడో నవల ‘ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్’ 317 పేజీలకు చేరింది. 2004లో విడుదలైన దాని సినిమా మాత్రం 142 నిమిషాలే. మొత్తం ఎనిమిది సినిమాల్లో స్క్రీన్‌ప్లే కోసం నేను మళ్ళీ మళ్ళీ తెరిచి చూసేది దీన్నే.

నవలల్ని తెరకు రాయడం నా పని. ఎవరైనా ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టగానే గదిలో మొదట వినబడే మాట, ‘ఏం తీసేద్దాం?’ అని. అక్కడ మొదలుపెడితే మిగిలేది నవల సారాంశమే తప్ప సినిమా కాదు. ఏ సంగతి ఎక్కడుందో, అది ప్రేక్షకుడికి చెవి ద్వారా చేరుతోందో కంటి ద్వారా చేరుతోందో ముందు తేల్చుకోవాలి. పుస్తకంలో పాత్రలు నోటితో చెప్పుకున్న వాటిలో ఎన్నిటిని కళ్ళ ముందు జరిగేలా మార్చగలం? మార్చలేక వదిలేసిన వాటితో పాటు ఏ భావం జారిపోతుంది? ‘అజ్కబాన్’ ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చూపిస్తుంది. మొదటిదానికి అద్భుతంగా. రెండోదానికి, నా లెక్కలో, ఒక బాకీతో.

చేతికొచ్చిన సరుకు

మొదటి రెండు సినిమాలు తీసిన క్రిస్ కొలంబస్ దర్శకత్వం వదిలి నిర్మాతల్లో ఒకరిగా ఉండిపోయారు. మెక్సికోకి చెందిన అల్ఫోన్సో క్వారోన్ దర్శకుడిగా వచ్చారు. 1995లో ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’ తీసినవారు కాబట్టి పిల్లల కథ ఆయనకు కొత్త కాదు. 2001లో తీసిన ‘ఈ తు మమా తాంబియేన్’ మాత్రం పిల్లలు చూసే సినిమా కానే కాదు. స్క్రీన్‌ప్లే మొదటి రెండింటికీ రాసిన స్టీవ్ క్లోవ్స్‌దే. హ్యారీ బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ వేషం వేసిన రిచర్డ్ హారిస్ 2002 అక్టోబరులో చనిపోవడంతో ఆ పాత్రలోకి మైఖేల్ గాంబన్ వచ్చారు.

నవల విషయానికొస్తే, ఇందులో అసలు విలన్ వోల్డెమార్ట్ ప్రత్యక్షంగా కనబడడు. చివర్లో అతనితో పోరాటం లేదు. అమ్మానాన్నల్ని పట్టించిన ద్రోహి అని హ్యారీ నమ్మిన, అజ్కబాన్ జైలు నుంచి పారిపోయిన సిరియస్ బ్లాక్ ద్రోహి కాడనీ, చచ్చిపోయాడనుకున్న పీటర్ పెటిగ్రూ ఎలుక రూపంలో పన్నెండేళ్ళుగా బతికే ఉన్నాడనీ తెలియడమే క్లైమాక్స్. అంటే నిజం బయటపడటమే ఇక్కడ యుద్ధం. ఇరవై రెండు అధ్యాయాల పుస్తకంలో దాదాపు మూడు అధ్యాయాలు ఒకే ఒక పాడుబడ్డ గదిలో జరుగుతాయి. అందులో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గతం చెప్పుకుంటూ పోతారు. చదివేవాడు ఊపిరి బిగబట్టి పేజీలు తిప్పుతాడు. అదే గదిని అంతసేపూ తెర మీద చూపిస్తే ఎంత గొప్ప నటులున్నా ల్యాగ్ తప్పదు.

క్వారోన్, క్లోవ్స్ పట్టుకున్న దారం ఒకటే. పదమూడేళ్ళ కుర్రాడు తానెవరో తెలుసుకునే కథ ఇది. ఆ దారానికి ముడిపడనిది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టారు. నవలలో హ్యారీ ఆడే గ్రిఫిండోర్ జట్టు ఏడాది పొడుగునా, చీపుర్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ ఆడి చివరికి కప్పు గెలుస్తుంది. సినిమాలో మిగిలింది ఒక్క మ్యాచ్, అదీ తుఫానులో అజ్కబాన్ కాపలా ప్రాణులైన డిమెంటర్లు చుట్టుముట్టి హ్యారీ చీపురు మీంచి పడిపోయే మ్యాచ్. క్రిస్మస్‌కి ఎవరు పంపారో తెలియకుండా వచ్చే ఫైర్‌బోల్ట్ చీపురు, దాన్ని టీచర్లు స్వాధీనం చేసుకోవడం, దాని చుట్టూ ముగ్గురు స్నేహితుల మధ్య నడిచే అలక, అన్నీ పోయాయి. చీపురు మాత్రం కథ చివర్లో బక్‌బీక్ అనే రెక్కల జంతువు ఈకతో సహా వస్తుంది. పుస్తకంలో అనుమానం పుట్టించిన వస్తువు సినిమాలో సిరియస్ పంపిన కానుకగా మిగిలింది. నేనైనా అలాగే చేసేవాణ్ణి.

ముందు ఎవరికి తెలుస్తుంది

పని మొదలుపెట్టే ముందు నేనొక పట్టిక రాసుకుంటాను. ఒక నిలువు వరసలో కథలోని ముఖ్యమైన సమాచారం. పక్కన, అది అందరికంటే ముందు ఏ పాత్రకు తెలుస్తుందో. ఆ పక్కన, ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుందో: చూసి, విని, లేదా ఊహించి. ‘అజ్కబాన్’ నవలకూ సినిమాకూ ఈ పట్టిక విడివిడిగా వేసి పక్కపక్కన పెడితే తేడా ఇట్టే దొరుకుతుంది.

పెటిగ్రూ బతికున్నాడన్న సంగతినే తీసుకోండి. నవలలో, బడిలో ఎవరెక్కడున్నారో పేర్లతో చూపించే మాయా పటం మరాడర్స్ మ్యాప్ మీద అతని పేరు చూసేది టీచర్ లూపిన్. తన గదిలో కూర్చుని చూస్తాడు. ఆ సంగతి మనకు తర్వాత, ఆ పాడుబడ్డ గదిలో, అతని నోట తెలుస్తుంది. సినిమాలో ఆ పేరు చూసేది హ్యారీ. అర్ధరాత్రి పక్కమీద మ్యాప్ విప్పి చూస్తూ ఉంటే చచ్చిపోయినవాడి పేరు అందులో కదులుతుంది. లేచి చీకటి వరండాలోకి వెళ్తాడు, మంత్రదండం కొసన దీపం వెలిగించుకుని. గోడ మీది చిత్రపటాల్లో నిద్రపోతున్న వాళ్ళు ఆ వెలుగు ఆర్పమని విసుక్కుంటారు. కాగితం మీద ఆ అడుగులు దగ్గరకొస్తాయి, ఇంకా దగ్గరకొస్తాయి, అతన్ని దాటిపోతాయి. వరండాలో ఎవరూ లేరు.

ఈ సీనుకు ఖర్చయింది ఒక వరండా, ఒక కాగితం, ఒక దీపం. ఫలితంగా ఒకేసారి మూడు పనులు జరిగాయి. నవలలో కథానాయకుడు తర్వాత విన్న నిజం ఇప్పుడు అతని అనుభవమైంది. ప్రేక్షకుడికి భయంతో పాటు ఒక చిక్కుముడి చేతికొచ్చింది: పేరు ఉంది, మనిషి లేడు, ఎందుకని? ఎలుక సంగతి బయటపడ్డప్పుడు దానికి కొత్తగా వివరణ అవసరం లేకుండా పోయింది. అనుసరణ అంటే కొత్తవాళ్ళకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ముందుగా చూపించేది ఈ సీనే.

బోగార్ట్ క్లాసు కూడా అలాంటిదే. ఎదుటివాడు దేనికి భయపడతాడో ఆ రూపం తీసుకునే ప్రాణి బోగార్ట్. నవలలో ఆ క్లాసులో హ్యారీ వంతు రాకముందే లూపిన్ అడ్డొస్తాడు. సినిమాలో హ్యారీ ముందుకొస్తాడు, బోగార్ట్ డిమెంటర్‌గా మారుతుంది, అప్పుడు లూపిన్ అడ్డొస్తే అది మబ్బుల చాటు నిండు చందమామగా మారుతుంది. లూపిన్ తోడేలు మనిషి అన్న సంగతికి లీడ్, అంటే ముందస్తు సూచన, అక్కడే పడింది, అందరి కళ్ళ ముందే, ఒక్క మాట లేకుండా. తోటి విద్యార్థి నెవిల్ భయపడే టీచర్ స్నేప్‌ని అతని బామ్మ బట్టల్లో చూసి థియేటర్ అంతా నవ్వుతున్న ఊపులోనే ఆ చంద్రుడు వచ్చి వెళ్ళిపోతాడు. నవ్వు చాటున లీడ్ దాచడం పాత విద్యే. ఇంత శుభ్రంగా చేసినవాళ్ళు తక్కువ.

కుండ పగిలిన చప్పుడు

ఇక అసలు విషయం, టైమ్ టర్నర్. హ్యారీ స్నేహితురాలు హెర్మాయినీ మెడలోని ఆ చిన్న ఇసుక గడియారాన్ని మూడుసార్లు తిప్పితే మూడు గంటలు వెనక్కి వెళ్ళవచ్చు. హ్యారీ, హెర్మాయినీ అలా వెళ్ళి మరణశిక్ష పడ్డ బక్‌బీక్‌నీ, చేయని నేరానికి బలి కాబోతున్న సిరియస్‌నీ కాపాడతారు. నవలలో ఈ భాగం చాలావరకు పొదల చాటున దాక్కుని, గుసగుసగా మాట్లాడుకుంటూ, మొదటిసారి తామేం చేశామో గుర్తు చేసుకోవడంగా నడుస్తుంది. పుస్తకంలో ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఆలోచనలు మనకు అందుతున్నాయి. తెర మీద పొదలో దాక్కున్న ఇద్దరు పిల్లలు పొదలో దాక్కున్న ఇద్దరు పిల్లలే.

సినిమా ఏం చేసిందో దగ్గరగా చూద్దాం. మొదటి దఫాలో బక్‌బీక్‌ని పెంచే హాగ్రిడ్ గుడిసెలో ముగ్గురు పిల్లలూ ఉంటారు. బక్‌బీక్‌ని చంపే సమయం దగ్గర పడుతోంది. ఉన్నట్టుండి బల్ల మీది కుండ భళ్ళున పగులుతుంది. కిటికీలోంచి ఒక రాయి వచ్చి పడింది. వెంటనే ఇంకో రాయి హ్యారీ తల వెనక తగులుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మంత్రీ డంబుల్‌డోరూ తలారీ గుడిసె వైపు దిగి వస్తూ కనబడతారు. పిల్లలు వెనక తలుపులోంచి బయటపడి గుమ్మడికాయల చాటున దాక్కుంటారు. అక్కడ హెర్మాయినీకి చెట్లలో ఏదో కదిలినట్టు అనిపిస్తుంది, పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. గుట్ట ఎక్కాక గొడ్డలి దిగిన చప్పుడు వినబడుతుంది. బక్‌బీక్ పని అయిపోయిందని వాళ్ళతో పాటు మనమూ అనుకుంటాం.

రెండో దఫాలో అదే స్థలం, చెట్ల చాటునుంచి. లోపలున్న తాము ఎంతకీ కదలరు. తలారి వచ్చేస్తున్నాడు. హెర్మాయినీకి ఒక రాయి కనబడుతుంది. అది తను ఇంతకుముందు చూసిన రాయే. ఒక్క క్షణం ఆగి, విసిరేస్తుంది. కుండ పగులుతుంది. ఇంకోటి విసురుతుంది, హ్యారీ తలకు తగులుతుంది. గొడ్డలి చప్పుడేమో, బక్‌బీక్ మాయమయ్యాడన్న కోపంలో తలారి గుమ్మడికాయ మీద వేసిన వేటు. తోడేలుగా మారిన లూపిన్ హ్యారీ మీదికి దూకబోతూ ఏదో ఊళ విని ఆగిపోవడానికి కారణం కూడా రెండో దఫాలోనే తెలుస్తుంది. ఆ ఊళ వేసింది హెర్మాయినీయే.

రాళ్ళూ ఊళా నవలలో లేవు. క్లోవ్స్, క్వారోన్ కల్పించినవి. నవలకు విధేయత గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. నవల చెప్పిన సూత్రం ఏమిటంటే, గతాన్ని మార్చలేవు, నువ్వు చేయబోయేది అప్పటికే జరిగిపోయిన దాంట్లో భాగం. ఆ సూత్రాన్ని పుస్తకం హ్యారీ ఆలోచనగా చెప్తే, సినిమా ఒక రాయిగా చూపించింది. పుస్తకంలో లేని వస్తువే పుస్తకం అసలు ఉద్దేశాన్ని మోసుకొచ్చింది.

శబ్దం పూర్తిగా తీసేసి ఈ భాగం చూడమని నాతో పనిచేసేవాళ్ళకు చెప్తుంటాను. డైలాగు లేకపోయినా ఎవరు ఎవర్ని కాపాడారో, ఏది ముందో ఏది వెనకో పదేళ్ళ పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఏ అనుసరణకైనా నేను పెట్టే పరీక్ష అదే.

దీనికి కళాదర్శకత్వం చేసిన సాయం తక్కువేం కాదు. స్టువర్ట్ క్రెయిగ్ ఈ సినిమా కోసం హాగ్వార్ట్స్ బడికి ఒక గడియారపు బురుజు చేర్చారు. పెద్ద లోలకం ఊగుతూ ఉంటుంది, పాత్రలు దాని కిందుగా నడుస్తుంటారు. కాలం గురించిన కథ అని ఎవరూ చెప్పక్కర్లేదు. రుతువులు మారడం చూపించడానికి వొంపింగ్ విల్లో చెట్టును వాడుకున్నారు. అది ఆకులన్నీ ఒక్కసారి దులిపేస్తుంది, చలికాలంలో మంచు విదిలించుకుంటుంది. ‘కొన్ని నెలల తర్వాత’ అని రాయాల్సిన చోట ఒక చెట్టు నటించింది. ఆ చెట్టు కథలో ఎలాగూ కావలసిందే, ఆ పాడుబడ్డ గదికి దారి దాని కిందే ఉంది. అందుకే ఆ షాట్లు అలంకారంగా అనిపించవు.

చలి కనబడాలి

డిమెంటర్లు మనిషిలోని సంతోషాన్ని పీల్చేస్తాయి. నవలలో అది పూర్తిగా లోపలి అనుభవం. చెవుల్లో హోరు, తల్లి ఆఖరి కేకలు. రైలు సీనులో సినిమా దాన్ని బయటికి తెచ్చింది. కిటికీ అద్దం మీద మంచు పాకుతుంది. సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. నోట్లోంచి ఆవిరి. ఆ తర్వాతే తలుపు తెరిచే చెయ్యి. క్వారోన్ మొదట డిమెంటర్లను నిజమైన బొమ్మలతో చేయాలనుకుని తోలుబొమ్మల కళాకారుడు బేసిల్ ట్విస్ట్‌తో నీళ్ళలో ప్రయోగాలు చేయించారు. షూటింగ్‌కి అది కుదరలేదు. నీళ్ళలో ఆ గుడ్డ కదిలిన తీరును నమూనాగా తీసుకుని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్ళు గ్రాఫిక్స్‌లో చేశారు. అందుకే అవి గాలిలో కాక ఏదో చిక్కటి ద్రవంలో తేలుతున్నట్టుంటాయి.

డిమెంటర్లను ఎదిరించే పట్రోనస్ మంత్రం నేర్చుకునే పాఠాలు నవలలో చాలా ఉంటే, సినిమా వాటిని ఒక్కటిగా కుదించింది. మంత్రానికి కావలసిన సంతోషకరమైన జ్ఞాపకం కూడా మారింది. హ్యారీ ముందుగా తలుచుకునేది రెండింటిలోనూ మొదటిసారి చీపురు మీద ఎగిరిన రోజునే. సినిమాలో మంత్రం ఫలించేది మాత్రం అమ్మానాన్నలు తనతో మాట్లాడుతున్న దృశ్యాన్ని తలుచుకున్నప్పుడు. అది నిజంగా జరిగిందో లేదో అతనికే తెలియదు. సరస్సు ఒడ్డున నాన్న వస్తాడని అతను ఎదురుచూసే ఘట్టానికి పునాది ఇక్కడ పడింది. మొదటి దఫాలో అవతలి ఒడ్డున వెలుగుల లేడిగా వచ్చిన పట్రోనస్‌ని చూసి, పంపింది నాన్నే అనుకుంటాడు. రెండో దఫాలో ఎవరూ రారు. అప్పుడు తనే అడుగు ముందుకేస్తాడు. ఈ ఘట్టం చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. తండ్రి కోసం వెతికిన పిల్లవాడికి తండ్రి స్థానంలో తనే కనబడటం నవలలో రచయిత్రి రోలింగ్ సృష్టి. సినిమా దానికి అడ్డు రాకుండా నిలబడింది.

పిల్లల నటన గురించి ఒక మాట. క్వారోన్ ముగ్గురినీ తమ పాత్రల గురించి వ్యాసం రాసుకురమ్మన్నారు. ఎమ్మా వాట్సన్ పేజీలకు పేజీలు రాసిందనీ, డేనియల్ రాడ్‌క్లిఫ్ ఒక పేజీతో సరిపెట్టాడనీ, రూపర్ట్ గ్రింట్ అసలు ఇవ్వలేదనీ వాళ్ళే చెప్పుకున్నారు. ముగ్గురూ తమ పాత్రల్లాగే ప్రవర్తించారు. యూనిఫాం కూడా పెద్దవాళ్ళు చూడనప్పుడు ఎలా వేసుకుంటారో అలా వేసుకోమన్నారు. టై వదులుగా, చొక్కా బయటికి. పదమూడేళ్ళ వయసు తెర మీదికి అలా వచ్చింది.

నోటిమాటగా మిగిలినవి

ఇప్పుడు బాకీ సంగతి. పాడుబడ్డ గదిలోని సంభాషణను సినిమా బాగా కోసింది. సిరియస్ నిర్దోషి, పెటిగ్రూ ద్రోహి అన్న రెండు ముక్కలూ స్పష్టంగా అందాయి. గ్యారీ ఓల్డ్‌మన్, డేవిడ్ థ్యూలిస్, అలన్ రిక్మన్, తిమొతీ స్పాల్ ఒకే గదిలో ఉంటే ఆవేశానికి లోటుండదు. కానీ ఆ మ్యాప్ తయారుచేసింది ఎవరు? మూనీ, వార్మ్‌టెయిల్, ప్యాడ్‌ఫుట్, ప్రాంగ్స్ అంటే లూపిన్, పెటిగ్రూ, సిరియస్, హ్యారీ తండ్రి జేమ్స్. పున్నమి రాత్రుల్లో తోడేలుగా మారే స్నేహితుడు ఒంటరిగా ఉండకూడదని మిగతా ముగ్గురూ జంతువులుగా మారడం నేర్చుకున్నారు. జేమ్స్ మారేది మగ లేడిగా. ఇదంతా సినిమాలో లేదు.

కోత ఎందుకు పడిందో నాకు అర్థమవుతుంది. నా పట్టికలో ఇది ‘విని’ అన్న గడిలో మాత్రమే ఉండగల సమాచారం. ఫ్లాష్‌బ్యాక్ వేస్తే సినిమా హ్యారీ చూపును వదిలిపెట్టాలి, అది వాళ్ళు పెట్టుకున్న నియమానికి విరుద్ధం. అయితే దానితో పాటు పోయింది సమాచారం ఒక్కటే కాదు. పట్రోనస్ లేడి రూపంలో ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు సినిమా మాత్రమే చూసినవాళ్ళ దగ్గర జవాబు లేదు. వాళ్ళకది అందమైన జంతువు. చదివినవాళ్ళకు అది నాన్న. సరస్సు ఘట్టంలో సగం బరువు ఆ ఒక్క ముక్కలో ఉంది. మూడేళ్ళ తర్వాత వచ్చిన ఐదో సినిమాలో సిరియస్ ప్రమాదంలో ఉన్నాడని స్నేప్‌కి చెప్పడానికి హ్యారీ ‘ప్యాడ్‌ఫుట్’ అనే పేరు వాడతాడు. ఆ పేరు ఎవరిదో మూడో సినిమా చెప్పనే లేదు.

ఫలితం

వసూళ్ళ ప్రకారం చూస్తే ఇది సిరీస్ మొత్తంలో అందరికంటే వెనకబడ్డ సినిమా. దాదాపు 80 కోట్ల డాలర్లు తెచ్చిన సినిమాను విఫలమని ఎవరూ అనరు, అయినా మిగతా ఏడూ దానికంటే ఎక్కువే తెచ్చాయి. ఆస్కార్‌కి రెండు నామినేషన్లు వచ్చాయి, జాన్ విలియమ్స్ సంగీతానికీ విజువల్ ఎఫెక్ట్స్‌కీ. రెండూ దక్కలేదు. విమర్శకుల్లో చాలామంది మాత్రం ఎనిమిదింటిలో ఉత్తమమైనవి ఏవంటే ముందు వరసలో దీన్నే పెడతారు. తర్వాతి దర్శకులు ఈ సినిమా తెచ్చిన చీకటి రంగుల్నీ పెరుగుతున్న పిల్లల స్వభావాన్నీ కొనసాగించారు తప్ప మొదటి రెండు సినిమాల వెలుగులోకి తిరిగి వెళ్ళలేదు.

ఆ రెండు డైలాగులు

ఈ స్క్రీన్‌ప్లే నా చేతికొస్తే పాడుబడ్డ గదిని ముట్టుకోను. అక్కడ ఇంకో వాక్యం కూడా పట్టదు. చివర్లో లూపిన్ రాజీనామా చేసి సామాను సర్దుకుంటున్న సీను ఉంది. తానిప్పుడు టీచరు కాదు కాబట్టి మ్యాప్ తిరిగిచ్చేస్తానని హ్యారీ చేతిలో పెడతాడు. వస్తువు అక్కడే ఉంది, మనుషులు ఇద్దరూ అక్కడే ఉన్నారు, తొందర లేదు. మ్యాప్ మీద రాసున్న నాలుగు పేర్లలో మొదటిదాని మీద లూపిన్ వేలు పెట్టి అది తనదని చెప్తాడు. వేలు చివరి పేరు మీదికి జరిపి, అది మీ నాన్నది, లేడిగా మారేవాడు, అంటాడు. హ్యారీ ఏమీ అనక్కర్లేదు. సరస్సు ఘట్టం ప్రేక్షకుడి మనసులో ఇంకా పచ్చిగా ఉంది, లెక్క అతనే వేసుకుంటాడు. దీనికి కావలసింది అర నిమిషం కంటే తక్కువ. ఆ అర నిమిషం కోసం సినిమాలో కొత్తగా చేర్చిన మాట్లాడే ఎండు తలకాయల హాస్యాన్ని త్రీ బ్రూమ్‌స్టిక్స్ అనే పానశాల గుమ్మం దగ్గర తీసేస్తాను. నైట్ బస్సులో అవి ఒకసారి నవ్వించాయి కాబట్టి రెండోసారి లేకపోయినా లోటు తెలియదు.